ఆకస్మిక పిడిగుద్దు నుంచి ఆత్మరక్షణ

ఎదుటి వ్యక్తి హెచ్చరిక లేకుండా పిడికిలితో కొట్టినప్పుడు, లేదా కొట్టబోతున్నట్లు కనిపించిన క్షణంలో, దెబ్బను తప్పించుకోవడం, తప్పించుకోలేనప్పుడు హానిని తగ్గించుకోవడం, ఆ చోటి నుంచి క్షేమంగా బయటపడడం ఆత్మరక్షణ విద్యలో ఒక ప్రత్యేక విభాగం. మల్లయుద్ధం, బాక్సింగ్, కరాటే వంటి పోటీ విద్యల నుంచి ఇది మెళకువలు తీసుకుంటుంది. అయితే పోటీలో ఇద్దరికీ సమయం, నియమం, బరి ముందే తెలిసి ఉంటాయి. ఆకస్మిక దాడిలో ఆ మూడూ దాడి చేసేవాడికే తెలుసు. అందువల్ల ఈ విభాగంలో ఎదురుదెబ్బ కంటే దూరం, చేతుల స్థానం, తలను కాపాడుకోవడం, తప్పుకోవడం ముఖ్యాంశాలు. ఈ వ్యాసంలో విషయ స్వరూపం, చరిత్ర, దాడి రకాలు, శరీర ధర్మం, రక్షణ పద్ధతులు, గాయాలు, చట్టం, శిక్షణ వరుసగా ఉన్నాయి. తెలంగాణలో మెదక్ జిల్లా పాపన్నపేట ప్రాంతాన్ని స్థానిక సందర్భంగా తీసుకున్నాం.

నిర్వచనం, పరిధి

పిడికిలి బిగించి వేళ్ల కణుపులతో కొట్టే దెబ్బ పిడిగుద్దు. సంస్కృత సంప్రదాయంలో దీన్ని ముష్టిఘాతం అంటారు. అరచేతితో కొట్టే చెంపదెబ్బ, లెంపకాయ దీనికి వేరు. బలం చిన్న వైశాల్యంలో కేంద్రీకృతం కావడం వల్ల పిడిగుద్దుకు ఎముక విరిచే శక్తి ఎక్కువ.

దెబ్బ ఆకస్మికం కావడానికి మూడు దారులున్నాయి. ఒకటి, బాధితుడికి దాడి చేసేవాడు కనిపించకపోవడం. రెండు, కనిపించినా దాడి చేస్తాడన్న అనుమానం లేకపోవడం. మూడు, అనుమానం ఉన్నా ఆ క్షణంలో దృష్టి వేరేచోట ఉండడం. కత్తి, కర్ర, రాయి వంటి ఆయుధాలతో జరిగే దాడి ఈ వ్యాస పరిధిలోకి రాదు. (చూ. కర్రసాము, సాముగరిడీ.)

చరిత్ర

పురాణేతిహాసాల్లో ముష్టియుద్ధ ప్రస్తావనలు విస్తారంగా ఉన్నాయి. రామాయణంలో వాలి సుగ్రీవులు, భాగవతంలో కృష్ణ చాణూరులు, బలరామ ముష్టికులు తలపడిన ఘట్టాలు ప్రసిద్ధం. ఇవి ఇరువురూ సిద్ధపడి చేసిన పోరాటాలు. విరాటపర్వంలో భీముడు చీకటి నర్తనశాలలో కీచకుడి కోసం పొంచి ఉండడం మాత్రం ఎదుటివాడి ఏమరుపాటును ఉపయోగించుకున్న దాడికి ఉదాహరణ. కవిత్రయంలోని తిక్కన ఈ పర్వాన్ని తెలుగు చేశాడు.

కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో మల్లవినోదం అనే ప్రకరణం ఉంది. మల్లుల తరగతులు, ఆహారం, వ్యాయామం, పట్లు అందులో వివరంగా ఉన్నాయి. నేటి పశ్చిమ తెలంగాణ అప్పుడు ఆ రాజ్యంలో భాగం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవాల్లో మల్లులు పళ్లు రాలేటట్లు, కళ్లు పోయేటట్లు, ముఖాలు వికృతమయ్యేటట్లు కొట్టుకునేవారని రాశాడు. శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారుజామున నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆపై మల్లుడితో కుస్తీ పట్టేవాడని కూడా అతని రాతల్లో ఉంది. గుజరాత్, మైసూరు ప్రాంతాల జెట్టీలు అభ్యసించిన వజ్రముష్టిలో, కొమ్ముతో చేసి వేళ్లకు తొడిగిన ఆయుధంతో పోరాడేవారు.

ఆసఫ్‌జాహీల కాలంలో హైదరాబాద్ రాజ్యంలో తాలీంలు కుస్తీకి నిలయాలయ్యాయి. ఉత్తరాంధ్రలో వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు 20వ శతాబ్ది తొలి దశకాల్లో మల్లవిద్యకు, బలప్రదర్శనలకు దేశవిదేశాల్లో పేరు తెచ్చాడు. (చూ. కుస్తీ, తాలింఖానా.)

పిడిగుద్దును ఊరి వేడుకగా నిలుపుకున్న సంప్రదాయం నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలోని హున్సా గ్రామంలో ఉంది. హోలీ నాడు గ్రామస్తులు రెండు జట్లుగా విడిపోయి, మధ్యలో తాడు కట్టి, దానికి అటూ ఇటూ నిలిచి పిడికిళ్లతో కొట్టుకుంటారు. ఆట ముగిశాక కాముని దహనం బూడిదను గాయాలకు రాసుకుని ఒకరినొకరు ఆలింగనం చేసుకుంటారు. దీన్ని పిడిగుద్దులాట అంటారు. గాయాల దృష్ట్యా పోలీసులు అభ్యంతరం చెప్పిన సందర్భాలున్నాయి. పిడికిలే ఆయుధమైనా వేళ, హద్దు, ఎదుటి జట్టు ముందే తెలిసి ఉండడం వల్ల ఇది ఆకస్మిక దాడి కిందికి రాదు.

ఇంగ్లండ్‌లో 1743లో జాక్ బ్రౌటన్ ముష్టియుద్ధానికి తొలి లిఖిత నియమాలు ఏర్పరిచాడు. 1867 నాటి క్వీన్స్‌బెర్రీ నియమాలు చేతి తొడుగులను తప్పనిసరి చేసి ఆధునిక బాక్సింగ్‌కు పునాది వేశాయి. ఒకినావాకు చెందిన గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించాక ఆ విద్య జపాన్ అంతటా, తర్వాత ప్రపంచమంతటా పాకింది. 1930లలో బ్రాటిస్లావాలో వీధి దాడులను ఎదుర్కొన్న అనుభవం నుంచి ఇమీ లిచ్టెన్‌ఫెల్డ్ క్రావ్ మాగా పద్ధతికి రూపమిచ్చాడు. ఆకస్మిక దాడిని ప్రధాన సమస్యగా తీసుకున్న ఆధునిక పద్ధతుల్లో ఇది ముఖ్యమైనది. కెనడాకు చెందిన టోనీ బ్లౌర్ 1980లలో మొదలుపెట్టి, మనిషి సహజంగా ఉలిక్కిపడే తీరునే రక్షణకు ఆధారం చేసుకున్న మరో పద్ధతిని అభివృద్ధి చేశాడు. బ్రిటన్‌లో జెఫ్ థాంప్సన్ చేతులను కంచెలా ముందుంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు.

ప్రసిద్ధ ఉదంతాలు

ఇంద్రజాలికుడు హ్యారీ హూడిని 1926 అక్టోబర్ 22న మాంట్రియల్‌లో ఒక సోఫాపై పడుకుని ఉండగా, కలవడానికి వచ్చిన ఒక విద్యార్థి అతని పొట్టపై వరుసగా గుద్దాడు. పొట్ట కండరాలు బిగించుకునే వ్యవధి హూడినికి దొరకలేదు. అపెండిక్స్ పగిలి కడుపులో ఇన్‌ఫెక్షన్ వ్యాపించడంతో అతడు అక్టోబర్ 31న డెట్రాయిట్‌లో మరణించాడు. గుద్దుల వల్లే అపెండిక్స్ పగిలిందా, అప్పటికే ఉన్న జబ్బు నొప్పిని గుద్దుల నొప్పిగా పొరబడ్డారా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు.

నియమాలున్న బరిలోనూ ఏమరుపాటు దెబ్బ తీస్తుంది. 2011 సెప్టెంబర్ 17న లాస్ వెగాస్ పోటీలో విక్టర్ ఓర్టిజ్ తన ఫౌల్‌కు క్షమాపణ చెబుతూ చేతులు దించి ఉన్నప్పుడు, ఫ్లాయిడ్ మేవెదర్ రెండు గుద్దులతో అతన్ని పడగొట్టాడు. రెఫరీ ఆట పునఃప్రారంభమైందని పరిగణించడంతో ఫలితం నిలిచింది. అన్ని వేళలా తనను తాను కాపాడుకోవాలన్న బాక్సింగ్ నియమానికి ఈ పోటీని తరచు ఉదాహరణగా చూపుతారు.

ఆస్ట్రేలియాలో ఒక్క గుద్దుతో జరిగిన మరణాలు చట్టసవరణలకు దారితీశాయి. సిడ్నీలో 2012లోనూ, 2013 చివరి రోజునా ఇద్దరు యువకులు ఇటువంటి దాడులకు గురై మరణించారు. ఆపై న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో ఒక్క గుద్దుతో మరణం కలిగించడాన్ని ప్రత్యేక నేరంగా చేసింది. మద్యం మత్తులో చేసిన వయోజనుడికి కనీసం 8 సంవత్సరాల జైలు విధించింది. పశ్చిమ ఆస్ట్రేలియా 2008లోనే ఇటువంటి చట్టం తెచ్చింది.

దాడి రకాలు

దిశను బట్టి ఆకస్మిక గుద్దులను ఐదు రకాలుగా విభజించవచ్చు.

1. పక్క గుద్దు: చేతిని వెడల్పుగా తిప్పి దవడకు, కణతకు, చెవి కిందికి కొట్టేది. శిక్షణ లేనివారు ఎక్కువగా ఇదే వాడతారు. అధికులు కుడిచేతి వాటంవారు కావడంతో ఇది సాధారణంగా బాధితుడి ఎడమ వైపు తగులుతుంది.

2. ఎదురు గుద్దు: ముక్కు, మూతి, గడ్డం లక్ష్యంగా తిన్నగా వచ్చేది. దారి దగ్గర కావడం వల్ల తక్కువ కాలంలో చేరుతుంది.

3. కింది నుంచి పైకి గుద్దు: అతి సమీపంలో గడ్డం కిందికి వచ్చేది. చెయ్యి చూపు పరిధికి దిగువన మొదలవుతుంది కనుక చూడడం కష్టం.

4. పొట్ట గుద్దు: డొక్క, కాలేయం, పక్కటెముకల మీద పడేది. ఊపిరి ఆగినట్లై మనిషి ముందుకు వంగిపోతాడు.

5. వెనుక గుద్దు: తల వెనుక లేదా మెడ మీద పడేది. వెన్నుపాముకు, మెదడు కాండానికి ప్రమాదం ఉన్నందున బాక్సింగ్‌లో ఇది నిషిద్ధం.

పరిస్థితిని బట్టి చూస్తే, మాటామాటా పెరిగి హఠాత్తుగా వచ్చే గుద్దు ఒక రకం. మాటల్లో పెట్టి, దారి అడిగి, లేదా చెయ్యి కలపబోతున్నట్లు నటించి కొట్టేది రెండోది. గొడవ ఆపడానికి మధ్యలోకి వెళ్లినవారికి పక్కనుంచి తగిలేది మూడోది. ఏ సంబంధమూ లేకుండా దారినపోయేవారిని కొట్టేది నాలుగోది.

శరీర ధర్మం

కంటికి కనిపించిన ఒకే ఒక్క సంకేతానికి ఆరోగ్యవంతుడు స్పందించడానికి సెకనులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు కాలం పడుతుంది. స్పందనల్లో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే ఈ కాలం ఇంకా పెరుగుతుంది. డచ్ శాస్త్రజ్ఞుడు డాండర్స్ 1868లో ఎంపికకు పట్టే అదనపు కాలాన్ని కొలిచాడు. బ్రిటిష్ మనోవిజ్ఞాని హిక్ 1952లో ప్రత్యామ్నాయాల సంఖ్యకూ స్పందన కాలానికీ ఉన్న గణిత సంబంధాన్ని చూపాడు.

చేతికందే దూరంలో నిలబడ్డవాడి పిడికిలి సెకనుకు 6 మీటర్ల సగటు వేగంతో 60 సెంటీమీటర్లు దాటడానికి సెకనులో పదో వంతు చాలు. అంటే గుద్దు బయలుదేరాక చూసి, గుర్తించి, తగిన అడ్డును ఎంచుకుని, చెయ్యి లేపేసరికి దెబ్బ తగిలే ఉంటుంది. శిక్షణ పొందిన బాక్సర్లు కూడా పిడికిలిని చూసి కాకుండా, అంతకుముందు భుజంలో, తుంటిలో, పాదంలో వచ్చే కదలికను పసిగట్టి తప్పుకుంటారు. రెండు మీటర్ల దూరంలో ఉన్నవాడు కొట్టాలంటే అడుగు వెయ్యాలి. ఆ అడుగే ఎదుటివాడికి స్పందించే వ్యవధినిస్తుంది.

ఆలోచనతో నిమిత్తం లేకుండా పనిచేసే ఉలికిపాటు స్పందన ఇంకా త్వరగా వస్తుంది. కళ్లు మూసుకోవడం, భుజాలు పైకి లేవడం, మెడ ముడుచుకోవడం, చేతులు ముఖం వైపు రావడం దీని లక్షణాలు. అమెరికన్ మనోవిజ్ఞానులు లాండిస్, హంట్ 1939లో వేగవంతమైన చలనచిత్రాల సాయంతో ఈ క్రమాన్ని నమోదు చేశారు. ఆధునిక శిక్షకులు ఈ స్పందనను అణచే బదులు, అది చేతులను తెచ్చిపెట్టే చోటునే అడ్డుగా మార్చడం నేర్పుతారు.

భయం, కోపం కలిగినప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చూపు ఒకే బిందువుపై నిలుస్తుంది, వేళ్లతో చేసే సున్నితమైన పనులు తడబడతాయి. అందుకే వచ్చే మణికట్టును గాలిలో పట్టుకోవడం వంటి క్లిష్టమైన మెళకువలు ఆకస్మిక దాడిలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

రక్షణ పద్ధతులు

దాడికి ముందు

రక్షణలో అధిక భాగం గుద్దు బయలుదేరక ముందే జరుగుతుంది. అమెరికన్ శిక్షకుడు జెఫ్ కూపర్ మనిషి అప్రమత్తతను తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు అనే నాలుగు రంగులతో సూచించాడు. పరిసరాలను గమనించని స్థితి తెలుపు. ప్రశాంతంగా ఉంటూనే గమనించే స్థితి పసుపు. నిర్దిష్టమైన ప్రమాదాన్ని గుర్తించిన స్థితి నారింజ. చర్యకు సిద్ధమైన స్థితి ఎరుపు. జనం మధ్య మెలిగేటప్పుడు పసుపు స్థితి సరిపోతుందని అతని బోధన.

దాడికి ముందు తరచు కనిపించే సూచనలు ఇవి: దవడ బిగించడం, పిడికిలి ముడిచి తెరవడం, ఒక కాలు వెనక్కి తీయడం, కుడి భుజం దించడం, సాక్షుల కోసమో పోలీసుల కోసమో చుట్టూ చూడడం, చూపు గడ్డం మీదికి పదేపదే రావడం, చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకోవడం, అప్పటిదాకా అరుస్తున్నవాడు ఒక్కసారిగా మౌనం వహించడం. వీటిలో ఏ ఒక్కటీ దాడికి నిర్ధారణ కాదు. రెండు మూడు కలిసి కనిపిస్తే దూరం జరగడం మంచిది.

నిలబడే తీరు

ఒక పాదం ముందు, ఒక పాదం వెనక ఉంచి, మోకాళ్లు కొద్దిగా సడలించి, గడ్డం దించి, రెండు అరచేతులు తెరిచి రొమ్ము ఎత్తున ముందుకు పెట్టడం ప్రాథమిక భంగిమ. చూసేవారికి ఇది సర్దిచెబుతున్న మనిషి తీరులా ఉంటుంది. దీనివల్ల చేతులు తలకు దగ్గరగా ఉంటాయి, ఎదుటివాడు దూరాన్ని దాటి వస్తే ముందుగా చేతికి తగులుతాడు, తర్వాత విచారణ జరిగితే కయ్యానికి కాలు దువ్వలేదని సాక్షులు చెప్పగలుగుతారు. జేబుల్లో చేతులు, కట్టుకున్న చేతులు, రెండు చేతుల్లో సంచులు ఈ లాభాన్ని పోగొడతాయి.

భంగిమతోపాటు మాట కూడా రక్షణే. “అన్నా, లొల్లి వద్దు, నేను పోతున్న” వంటి పొట్టి మాట మర్యాదగా చెప్పి వెనక్కి, పక్కకు జరగాలని శిక్షకులు సూచిస్తారు. సవాలు, తిట్టు, వేలు చూపడం, భుజంపై చెయ్యి వేయడం గొడవను పెంచుతాయి.

దెబ్బ వచ్చిన క్షణంలో

ఏ వైపు నుంచి వచ్చినా పనికివచ్చే అడ్డు తలను కప్పుకోవడం. ఫోన్ చెవికి ఆనించుకున్నట్లుగా అరచేతిని చెవి వెనక్కి తెచ్చి, మోచేతిని ముందుకు పెట్టి, గడ్డాన్ని రొమ్ముకు చేర్చి, భుజాన్ని పైకి లేపాలి. ముంజేయి, మోచెయ్యి దెబ్బను తీసుకుంటాయి. ఏ వైపో తెలియనప్పుడు రెండు చేతులతోనూ కప్పుకుంటారు. కళ్లు తెరిచి ఉంచడం అభ్యాసంతో వస్తుంది.

క్రావ్ మాగాలో వెడల్పుగా వచ్చే గుద్దులకు మోచేతిని సుమారు లంబకోణంలో వంచి ముంజేతితో బయటికి అడ్డుకునే పద్ధతి ఉంది. బాక్సింగ్‌లో తిన్నని గుద్దును అరచేతితో కొద్దిగా పక్కకు నెట్టడం, తల పక్కకు తప్పించడం, భుజంతో ఆపడం నేర్పుతారు. వీటికి ముందుచూపు, చాలా అభ్యాసం అవసరం. నేరుగా వెనక్కి తగ్గడం కంటే ఏటవాలుగా పక్కకు అడుగు వేయడం మేలు. వెనక్కి తగ్గేవాడు రెండో గుద్దుకు అదే గీతలో దొరుకుతాడు, తట్టుకుని పడే అవకాశం కూడా ఎక్కువ.

తర్వాతి దశ

మొదటి దెబ్బ ఆగాక రెండు మార్గాలున్నాయి. దారి ఉంటే పరుగెత్తడం ఒకటి. దారి లేకపోతే కొట్టేవాడి చేతులు ఊపడానికి వీల్లేనంత దగ్గరికి వెళ్లి పట్టుకోవడం రెండోది. కుస్తీ నేర్చినవారికి ఇది సహజంగా వస్తుంది: తలను ఎదుటివాడి రొమ్ముకో భుజానికో ఆనించి, చంకల కింద చేతులు వేసి బిగిస్తారు. ధోబీపాట్ వంటి విసురు పట్లు మట్టి బరికి ఉద్దేశించినవి. సిమెంటు రోడ్డుపై వాటిని ప్రయోగిస్తే ప్రాణాపాయం కలగవచ్చు.

కింద పడితే ముందుగా గడ్డం రొమ్ముకు చేర్చి తల నేలకు కొట్టుకోకుండా చూసుకోవాలి. చాపిన చేతిమీద పడితే మణికట్టు విరిగే ప్రమాదముంది. పడ్డాక పాదాలను దాడి చేసేవాడి వైపు తిప్పి, తలను కప్పుకుని, వీలైనంత త్వరగా లేవాలి. ఒకరికంటే ఎక్కువమంది ఉన్నప్పుడు పట్టుకోవడం పనికిరాదు. అందరూ ఒకే వైపు ఉండేలా జరుగుతూ బయటి దారి చూసుకోవాలి.

గాయాలు, ప్రథమ చికిత్స

దెబ్బ కంటే, స్పృహ తప్పి పడినప్పుడు తల నేలకు తగలడం వల్ల మరణాలు ఎక్కువగా సంభవిస్తాయి. గడ్డానికి తగిలిన గుద్దు తలను వేగంగా తిప్పుతుంది. ఆ ఊపుకు మెదడు కుదుపుకు లోనై క్షణకాలం స్పృహ పోవచ్చు. కణత దగ్గర ఎముక పలచన. దాని లోపల పోయే ధమని తెగితే పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. ఇటువంటివారు మొదట తేరుకున్నట్లు కనిపించి గంటల తర్వాత విషమించవచ్చు. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, తడబడే మాట, కంటిపాపల్లో తేడా, ముక్కు లేదా చెవి నుంచి నీరు కారడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, వృద్ధులు లక్షణాలు లేకున్నా పరీక్ష చేయించుకోవాలి.

దవడ విరిగితే పై పళ్లు, కింది పళ్లు ఎప్పటిలా కలవవు. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకుండా ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు నొక్కి ఉంచాలి. ఊడిన శాశ్వత దంతాన్ని వేరు ముట్టకుండా పట్టుకుని పాలలో ఉంచి గంటలోపు దంతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతే తిరిగి అమర్చే అవకాశం ఉంటుంది. చూపు మసకబారినా, వస్తువులు రెండుగా కనిపించినా కంటి గూడు ఎముక విరిగి ఉండవచ్చు.

గుద్దినవాడికీ గాయాలవుతాయి. చిటికెన వేలి కింది అరచేతి ఎముక విరగడాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు. ఎదుటివాడి పళ్లు తగిలి కణుపుల మీద పడిన చిన్న గాటు కూడా నోటి సూక్ష్మజీవుల వల్ల కీలు లోపలిదాకా చీము పట్టవచ్చు. (చూ. ప్రథమ చికిత్స, తల గాయాలు.)

చట్టం

భారతదేశంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును నిర్వచించింది. పాత భారత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106 వరకు సెక్షన్లు. 34వ సెక్షన్ ప్రకారం ఈ హక్కు వినియోగంలో చేసిన పని నేరం కాదు. 35వ సెక్షన్ తన శరీరాన్నే కాక ఇతరుల శరీరాన్ని కూడా కాపాడే హక్కునిస్తుంది. 37వ సెక్షన్ పెట్టే హద్దుల్లో రెండు ఇవి: ప్రభుత్వాధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు, రక్షణకు అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయరాదు. ప్రాణాపాయం లేదా తీవ్రగాయం తప్పదన్న సహేతుకమైన భయం వంటి సందర్భాల్లో మాత్రమే హక్కు ఎదుటివాడి మరణం దాకా విస్తరిస్తుందని 38వ సెక్షన్ చెబుతుంది.

40వ సెక్షన్ ఆకస్మిక దాడికి నేరుగా సంబంధించినది. ప్రయత్నం లేదా బెదిరింపు వల్ల ప్రమాదం ఉందన్న సహేతుక భయం కలిగిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతవరకే కొనసాగుతుంది. కాబట్టి మొదటి గుద్దు తినేదాకా ఆగనక్కరలేదు. దాడి చేసినవాడు వెనుదిరిగాక వెంటాడి కొడితే మాత్రం అది రక్షణ కాదు, ప్రతీకారం. 2010 నాటి దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కుపై 10 సూత్రాలను క్రోడీకరించింది. దాడికి గురవుతున్నవాడు తన ప్రతిచర్యను మెట్టుమెట్టుగా లెక్కగట్టాలని ఆశించడం వాస్తవికం కాదని వాటిలో ఒకటి. ఆత్మరక్షణ అని వాదించేవారే దానికి ఆధారం చూపాలి. అయితే సంభావ్యత మేరకు చూపితే చాలు.

గుద్దినవాడికి వర్తించే సెక్షన్లు గాయాన్ని బట్టి మారతాయి. స్వచ్ఛందంగా గాయపరిస్తే 115వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎముక విరిగినా, పన్ను ఊడినా 116వ సెక్షన్ నిర్వచనం ప్రకారం అది తీవ్రగాయం. 117వ సెక్షన్ కింద శిక్ష 7 సంవత్సరాల దాకా ఉండవచ్చు. విధిలో ఉన్న ప్రభుత్వోద్యోగిపై దాడికి 121, 132 సెక్షన్లు ఉన్నాయి. బాధితుడు 112కు ఫోన్ చేయవచ్చు. ఆసుపత్రిలో దాడి సంగతి చెప్పి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించుకోవడం, సాక్షుల వివరాలు, సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచడం కేసుకు ఉపకరిస్తాయి. (చూ. భారతీయ న్యాయ సంహిత.)

శిక్షణ

ఆకస్మిక దాడి రక్షణలో శిక్షణకు సాధారణంగా మూడు మెట్లుంటాయి. మొదట ఒకే అడ్డును నెమ్మదిగా, తర్వాత వేగంగా, చివరికి ఎప్పుడు వస్తుందో చెప్పకుండా అభ్యసిస్తారు. మూడో మెట్టులో మాటల వాగ్వాదం, గుంపు, ఇరుకైన చోటు వంటి పరిస్థితులను కల్పిస్తారు. మెత్తని తొడుగులు, పళ్ల కవచం, శిక్షకుడి పర్యవేక్షణ తప్పనిసరి.

సమగ్ర శిక్షా కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ పేరిట ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి బాలికలకు మూడు నెలల శిక్షణ ఇచ్చే పథకం ఉంది. క్రీడగా బాక్సింగ్‌కు ఉత్తర తెలంగాణలో నిజామాబాద్ పేరుమోసింది. అక్కడి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. అదే పట్టణానికి చెందిన మహమ్మద్ హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచాడు.

పాపన్నపేట ప్రాంత సందర్భం

పాపన్నపేట మెదక్ జిల్లాలో మండల కేంద్రం. పూర్వం ఇది ఒక సంస్థానానికి పీఠం. 18వ శతాబ్దిలో దీన్ని ఏలిన రాణి శంకరమ్మ యుద్ధంలో చూపిన సాహసానికి నిజాం నుంచి రాయబాగన్ బిరుదు పొందినట్లు స్థానిక చరిత్ర చెబుతుంది. ఈ మండలంలోని నాగ్సాన్‌పల్లి వద్ద మంజీర పాయలుగా చీలిన చోట ఏడుపాయల వనదుర్గా భవానీ ఆలయం ఉంది. మహాశివరాత్రికి జరిగే జాతరకు లక్షల సంఖ్యలో భక్తులు వస్తారు.

జాతర వంటి జనసమ్మర్దంలో దూరం పాటించాలన్న ప్రాథమిక సూత్రం అమలు కాదు. అటువంటి చోట చేతులు రొమ్ము ఎత్తున ఖాళీగా ఉంచుకోవడం, తోపులాట మొదలైతే గుంపు అంచుకు వాలుగా జరగడం, నది ఒడ్డునో మెట్ల మీదనో వాగ్వాదానికి నిలవకపోవడం, పిల్లలను ముందుంచుకుని నడవడం ఉపయోగకరం. గుంపులో పడిపోవడం గుద్దు కంటే ప్రమాదకరం. మెదక్, సంగారెడ్డి, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో జాతరలకు కుస్తీ పోటీలు జరపడం ఆనవాయితీ. కొబ్బరికాయ బహుమతితో మొదలై వెండి కడియం దాకా సాగే ఈ పోటీల్లో గుద్దడం నిషిద్ధం. అయినా కుస్తీ నేర్పే నిలకడ, పట్టు, పడే తీరు ఆత్మరక్షణకు పనికివస్తాయి. (చూ. ఏడుపాయల, పాపన్నపేట సంస్థానం.)

పరిమితులు, విమర్శ

ఆత్మరక్షణ బోధనపై ప్రధానంగా మూడు విమర్శలున్నాయి. మొదటిది, కొద్ది రోజుల తరగతులు సామర్థ్యం కంటే అతివిశ్వాసాన్ని పెంచుతాయని. రెండోది, సహకరించే జోడీతో నేర్చిన మెళకువ, సహకరించని మనిషిపై పనిచేస్తుందన్న హామీ లేదని. మూడోది, కాపాడుకునే బాధ్యతను బాధితుడిపై, ముఖ్యంగా స్త్రీలపై మోపి, దాడి చేసేవాడిని, శాంతిభద్రతల వ్యవస్థను పక్కన పెడుతుందని. సమర్థకులు శిక్షణ వల్ల అప్రమత్తత, నిలబడే తీరు, తప్పుకునే నిర్ణయం మెరుగుపడతాయని, చట్టం, పోలీసు రక్షణలకు ఇది ప్రత్యామ్నాయం కాదని, అవి చేరేలోపు ఆదుకునేదని అంటారు. ముందుగా కొట్టడం మంచిదా, కప్పుకోవడం మంచిదా అన్నదానిపై కూడా శిక్షకుల్లో భేదాభిప్రాయాలున్నాయి. చట్టం మొదటిదాన్ని పూర్తిగా కాదనకపోయినా, సహేతుక భయం ఉందని చూపవలసిన భారం కొట్టినవాడి మీదే ఉంటుంది.

ప్రాముఖ్యం

పిడిగుద్దుకు ఆయుధం అక్కరలేదు, ఖర్చు లేదు, ముందస్తు పన్నాగం కూడా ఉండనక్కరలేదు. బస్సులో సీటు, రోడ్డుపై బండి తగలడం, పొలం గట్టు, మద్యం దుకాణం దగ్గర మాట జారడం వంటి చిన్న కారణాలకు ఒక్క క్షణంలో జరిగే ఈ దాడి కొట్టినవాడికి జైలును, దెబ్బ తిన్నవాడికి శాశ్వత వైకల్యాన్ని తేగలదు. రక్షణ పద్ధతులు ఎన్ని ఉన్నా మనిషి స్పందన కాలం వాటన్నిటికీ హద్దు. చేతికందే దూరంలో నుంచి వచ్చే గుద్దును చూసి ఆపడం సాధారణంగా సాధ్యం కాదు. అందువల్ల దూరం పాటించడం, చేతులు ఖాళీగా పైకి ఉంచడం, తల కప్పుకోవడం, బయటపడి 112కు తెలపడం అన్న క్రమాన్ని అన్ని ప్రధాన పద్ధతులూ ఏదో ఒక రూపంలో అంగీకరిస్తాయి.